శంకరం ఎవరు?

తొంభై ఎనిమిది జూన్ మొదటి సోమవారం, ఉదయం ఎనిమిదీ పది నిమిషాలకు, పుప్పాలగూడ మలుపు దగ్గర కంపెనీ వ్యాను ఎక్కుతూ ఆ వార్త విన్నాను (సమయం నా డైరీలో ఉంది, డైరీలో లేనిది జరిగిందంటే నేను అంత సులభంగా ఒప్పుకోను). పద్నాలుగేళ్ల కిందట ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చి, ఇంటింటా ఆడవాళ్లను ఏడిపించిన నవల టీవీ సీరియల్‌గా రాబోతోంది. ఆ రోజుల్లో అటువంటి వార్త వింటే ఒళ్లు ఝల్లుమనేది. నాయికగా ఎవరు వేస్తారో తెలియదు, ఆ ఇంటి వసారా ఎలా ఉంటుందో తెలియదు. ఎవరి మనసులో వారి నాయిక, ఎవరి కంటికి కనబడే వసారా వారిది. అవన్నీ ఒకే తెర మీద ఎలా ఇముడుతాయన్నది నాకు మా ఆఫీసు పక్కన లేస్తున్న గాజు మేడకన్నా పెద్ద అద్భుతంగా తోచింది.

నేను అప్పుడే ప్రొద్దుటూరు నుంచి వచ్చి, మాదాపూర్‌లో కంప్యూటర్ల ముందు కూర్చుని, రెండు అంకెల సంవత్సరాలను నాలుగు అంకెలుగా దిద్దే ఉద్యోగంలో చేరాను. పుప్పాలగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటామెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. భర్త పోయాక ఆమె బర్రెలను పెట్టుకుని, పాలమ్మి, ఆ ఇల్లు నిలబెట్టింది. ఆమె దేవుడి గూట్లో పటాల పక్కన ఒక లావుపాటి బైండు పుస్తకం ఉండేది. అది ఈ నవలే. ఆ కాలంలో వారపత్రిక చదవడం పూర్తికాగానే సీరియల్ కాగితాలు చింపి దాచి, నవల ముగిశాక బైండింగు దుకాణంలో కుట్టించుకోవడం ఇళ్లలో ఆచారం. ఒకే పత్రికలో వచ్చిన రెండు సీరియళ్లలో ఒకటి పెద్దమ్మ, మరొకటి ఆమె వదిన దాచుకున్నారు. రెండూ ఒకే వారం ముగిశాయి. రెండు కట్టలూ ఒకేనాడు లింగంపల్లిలో కుట్టించారు.

వార్త విన్న వారం, ఆదివారం నాడే ఆ పుస్తకం అడిగి తీసుకుని, ఏకబిగిన చదివాను. ముప్పై తొమ్మిది వారాల పాటు నాయిక పట్నంలో, ఉమ్మడి కుటుంబంలో, భర్త మాధవరావు చేతిలో నానా కష్టాలు పడుతుంది. నలభయ్యో వారం తెరిస్తే ఏటి ఒడ్డున ఒక్కతే ఇటుకబట్టీ నడుపుతూ ఉంటుంది! అక్కడ ఆమె పేరు లేదు. అంతా ‘ఆమె’ అనే ఉంది. ఒకనాటి సాయంత్రం శంకరం అనేవాడు వచ్చి గుమ్మంలో నిలబడి, దాహమంటాడు. ఆమె నీళ్లిస్తుంది, లోపలికి రమ్మనదు, చెంబు తీసుకుని తలుపు వేసుకుంటుంది. అంతే, సమాప్తం.

“శంకరం ఎవరు పెద్దమ్మా?” అని అడిగాను.

“ఇంకెవరు, మొగుడే.”

“మొగుడు మాధవరావు కదా?”

“అన్ని వారాలు ఏడిపిచ్చినోనికి పేరుతోని ఏం పని బిడ్డా? తలుపేసింది, గది సూడు.”

నేను నివ్వెరపోయాను. ఇంత సాహసం చేసిన రచయిత్రి తెలుగులో ఉన్నదా అనుకున్నాను. మర్నాడు వ్యానులో ముగింపు చెప్పగానే పన్నెండు మందీ నా వైపు తిరిగారు. మా టీమ్ లీడరు ఒక్కరే (గోదావరి మనిషి, ప్రతి పనికీ గడువు పెడతారు కనుక ఆయనకు మేము పెట్టిన పేరు గడువుగారు) అడ్డు తగిలారు. “మాధవరావు ఉన్నపళంగా శంకరం ఎలా అయిపోయాడండీ?” అన్నారు. మారిన మనిషికి పాత పేరు ఇరుకైపోతుందనీ, అది రచయిత్రి కావాలని వదిలిన మౌనమనీ గచ్చిబౌలి దాటేలోగా వివరించాను. “అబ్బో! ఇంత లోతుందని నాకు తట్టలేదండీ,” అని ఆయన నాకు కిటికీ పక్క సీటు ఇచ్చారు.

పెద్దమ్మకు మాత్రం ఇది కాలక్షేపం కాదు. భర్త పోయిన ఏడాది మరిది కాగితాలు తెచ్చి, పొలంలో ఆమె వాటా రాసిమ్మన్నాడట. పత్రికలో చివరి వారం చదవడం కుదరని ఆమె, ఆ వారమే కుట్టించిన పుస్తకంలో ఈ చివరి పేజీలు చదివింది. మరిదికి మంచినీళ్లిచ్చి, తలుపు వేసుకుంది. “ఆమె ఇటుకబట్టీ వెట్టింది, నేను బర్ల వెట్టుకున్న,” అని నవ్వేది. ఆనాటి నుంచి చుట్టాల్లో ఆమెకు మొండిదన్న పేరు స్థిరపడింది. ఇప్పుడా తలుపు టీవీలో పడబోతోంది. “మా తోటికోడలు సూడాలె. అసొంటి ఆడోళ్లు పుస్తకాలల్ల గూడ ఉంటరని ఎర్క కావాలె,” అని కలర్ టీవీ కొని, చివరి భాగం రోజున మరిదిని, తోటికోడలిని పేరుపేరునా పిలిచింది.

అందరూ వచ్చారు. చాపలు పరిచాం. ఏటి ఒడ్డు ఎప్పుడొస్తుందా అని నేను మునివేళ్ల మీద నిలబడ్డాను. తెర మీద మాధవరావు పట్నంలోనే, తన పేరుతోనే జబ్బుపడ్డాడు. నాయిక పరుగున వచ్చి అతని కాళ్ల మీద పడింది. కుటుంబమంతా కలిసి ఫొటో దిగింది. సమాప్తం.

తోటికోడలు కొంగు సర్దుకుంది. “ఏందక్కా, తలుపేస్తదంటివి? గీమె కాళ్ల మీదనే వడ్డది గద!”

పెద్దమ్మ లేచి టీవీ కట్టేసింది. “పాపం, ఆమెకు బర్లు లేవు. ఏం జేస్తది?” అంది. “కూసోండ్రి, చాయ్ తాగి పోండ్రి.” మరిది నవ్వబోయి, ఎందుకో చాయ్ గ్లాసు వంకే చూస్తూ ఉండిపోయాడు.

మరునాడు పొద్దున, నిర్మాతలు నవలను ఖూనీ చేశారని ఘాటైన ఉత్తరం రాద్దామని పుస్తకం ముందు పెట్టుకున్నాను. అప్పుడు చూశాను పత్రిక పేజీల అంకెలు. ముప్పై తొమ్మిది వారాలూ ఇరవయ్యో పేజీ దగ్గరే మొదలయ్యాయి; చివరి వారం మాత్రం నలభైరెండులో. పైన నవల పేరున్న అంచును బైండింగు కత్తి కోసేసింది. అంటే ఆ కాగితాలు వదిన దాచుకున్న సీరియల్‌వి! దుకాణంలో చివరి వారాలు తారుమారయ్యాయి. శంకరం ఆ కథలోవాడు. ఈ ఇంటికి దారి తప్పి వచ్చాడు.

పాలు పితికి వస్తున్న పెద్దమ్మకు తడబడుతూ పేజీలు చూపించాను. ఆమె బకెట్ దించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ అంకెలు చాలాసేపు చూసింది.

“అయితే ఇది వేరే ఆమె కతనా?”

“అవును పెద్దమ్మా.”

“ఎవలదైతేంది బిడ్డా? సదివింది నేనే గద,” అని పాలు కాచడానికి లోపలికి వెళ్లింది. నేను ఆ గుమ్మంలోనే నిలబడిపోయాను. అంత పెద్ద విమర్శ ఆ తరువాత ఎక్కడా చదవలేదు.

పోయినవి: వ్యానులో నా మాటకున్న విలువ, రాయని ఉత్తరం, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు. మిగిలినవి: పెద్దమ్మ పొలం వాటా, మా ఇద్దరి స్నేహం, నవల తెరకెక్కుతోందంటే ఇప్పటికీ నాకు కలిగే ఆ ఝల్లు. నిన్ననే అటువంటి ప్రకటన ఒకటి వచ్చింది. యాభై దాటిన మనిషిని, కళ్లజోడు సవరించుకుని విడుదల తేదీని డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. రాసి, నన్ను చూసి నేనే నవ్వుకున్నాను.