ప్లగ్గు పీకిన మధ్యాహ్నం

మొన్న మా చెల్లెలి కూతురు ఎవరిదో పెళ్ళి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్ అయిపోయిందనగానే చటుక్కున లాగేసింది. ఇంటికెళ్ళి చూస్తే సగం తెరుచుకోలేదట. అయిపోయిందని అదే చెప్పింది కదా పెద్దమ్మా అని ఆ పిల్ల వాపోతుంటే, నాకు బెంగళూరులో నా మొదటి ఉద్యోగం గుర్తుకొచ్చింది.

తొంభైలు ముగిసే రోజులవి. వైట్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీలో, డిస్కు చేత పని చేయించే డ్రైవర్ ప్రోగ్రాం రాయడం నా పని. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని. చెప్పలేనివన్నీ డైరీలో రాసుకుని, భోజనమయ్యాక ఏదో నవలలో తల దూర్చుకుని కూర్చునేదాన్ని. మామూలుగా మనం రాయమన్నదాన్ని ఆపరేటింగ్ సిస్టం వెంటనే డిస్కు మీద రాయదు. బఫర్ అనే తాత్కాలిక చోట పెట్టుకుని, రాసేశానని చెప్పి, తీరిక చూసుకుని దించుతుంది. మా ప్రోగ్రాం అడిగిన, బెంగళూరు పక్కన జిగణిలోని మందుల ఫ్యాక్టరీకి అది పనికిరాదు, ఏ మందు ఎంత వేడి మీద తయారైందో ఆ కొలత నిజంగా డిస్కు చేరాకే చేరిందనాలి. అందుకని బఫర్‌ను తప్పించి నేరుగా డిస్కుకు రాసే దారి ఒకటి మూడు నెలలు కూర్చుని కట్టాను.

ఆ దారి నెమ్మది, డిస్కు జవాబిచ్చేదాకా ఆగాలి మరి. మా టీం లీడరు హిందూపురం వైపు మనిషి, మంచివాడే కానీ వేగానికి మొక్కేవాడు. నాకు చెప్పకుండా ప్రతి రాతనూ లోపల్లోపలే బఫర్ వైపు మళ్ళించి, పైన పేరు మాత్రం ‘నేరుగా’ అనే ఉంచాడు. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది: రాసినవాళ్ళు విడుదల కాగితం మీద సంతకం పెడితేనే ప్రోగ్రాం గడప దాటేది. ఆ మళ్ళింపు కోడ్‌లో నా కంటబడింది, కాగితం నా ముందు పెడితే సంతకం పెట్టనన్నాను. అంత మాట నా నోట రావడం నాకే కొత్త.

“మూడు వారాల టెస్టింగులో ఒక్క కొలతన్నా పోయిండాదామ్మా? సుమ్నే, ఊరికే ఎందుకీ రగడ, పెట్టేయ్,” అన్నాడు.

పోలేదు, నిజమే. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే ఊరని మా ల్యాబులో ప్రతి యంత్రాన్నీ యూపీఎస్‌కు తగిలించేవాళ్ళం. కరెంటు పోతే ఏమవుతుందో చూడాల్సిన యంత్రానికి కరెంటు పోయిన సంగతే తెలియనివ్వలేదు. నేను వంగి ఆ ప్లగ్గు తీసి నేరుగా గోడకు పెట్టాను. తెర మీద నాలుగువందల కొలతలు భద్రం అని పడగానే పీకేశాను. మళ్ళీ లేపితే డిస్కులో ఉన్నవి మూడువందల చిల్లర. తర్వాత మళ్ళింపు ఆపి, నా దారి తెరిచి అదే పని చేశాను. ఎన్ని భద్రమందో అన్నీ ఉన్నాయి.

“లక్కు. ఇంకోసారి పీకు,” అన్నాడు. రెండు దారుల్లోనూ ఐదుసార్లు పీకాను, ప్రతిసారీ అదే కథ.

“చాల్లేప్పా, డిస్కు చచ్చిపోతాది!” అని పక్క సీటు ఆవిడ అరిచింది.

ఆయన తల గోక్కుని, “నోట్లో మాట లేదనుకుంటిమి, ప్లగ్గే పీకేసింది కదప్పా,” అంటూ మళ్ళింపు తీసేశాడు. అప్పుడు సంతకం పెట్టాను. తర్వాతి ప్రాజెక్టులో నన్ను పక్కన పెట్టారు. పెట్టుకోనీ, ఈనాటికీ నాకు చింత లేదు.

ఇప్పుడు ఆ పద్ధతి లేదు. వందమంది రాసింది ఒక్క బటన్‌తో లోకమంతా వెళ్ళిపోతుంది, కింద ఎవరి సంతకమూ ఉండదు. వేగం పెరిగింది, కాదనను. దిగులల్లా ఆ కాగితం గురించే. అది ఉండబట్టే కదా, నోరులేని పిల్లకు కూడా కాదనడానికి ఒక చోటు దొరికింది.