ఎండుచేప చెరిపిన బొమ్మ

నా చిన్నప్పుడు నా మెడకి తీసిన బొమ్మ సంగతి ఎన్నిసార్లు మొదలుపెట్టినా, మా ఇంట్లో ఎవరూ చివరిదాకా విన్న పాపాన పోలేదు. చెప్పి చెప్పి అలిసిపోయి ఇక్కడ రాస్తున్నాను.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో నా గొంతు దగ్గర నిమ్మకాయంత గడ్డ లేచింది. మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే కుటుంబం. మా మేనత్త నన్ను సూళ్లూరుపేటలో రైలెక్కించి మద్రాసు ఆసుపత్రికి తీసుకుపోయింది. నాకేమయిందని అడిగితే అక్కడి పెద్ద డాక్టరు నా మొహం కూడా చూడలేదు. కోయాల్సి రావచ్చని అత్తతో చెప్పి వెళ్లిపోయినాడు. అది నేను మరిచిపోలేదు.

పరీక్షకి ముందు కొన్నివారాలు సముద్రపు చేప ముట్టొద్దన్నారు. అత్త ముట్టనివ్వలేదు. ఎండుచేపల పులుసు మాత్రం మానలేదు. మా ఇళ్లలో ఎండుచేపని చేప కింద ఎవరు జమకడతారు?

కిరణాలు చిమ్మే అయోడిన్ మందు తాగించి, మర్నాడు బల్ల మీద పడుకోబెట్టారు. మెడపైన ఒక యంత్రం అటూ ఇటూ జరుగుతూ, లోపలినుంచి వచ్చే కిరణాలని పసిగట్టి కాగితం మీద చుక్కలు పొడిచింది. అక్కడొకటి, ఇక్కడొకటి. అంతే.

యంత్రం చూసే డాక్టరమ్మ ఏం తిన్నావని అడిగితే చెప్పేశాను.

"అది చేప కాదా అమ్మా?"

"అయ్యో, అది ఎండుది కదమ్మా!" అంది అత్త.

డాక్టరమ్మ నవ్వింది. ఆ పులుసులోని అయోడిన్ మెడలోని థైరాయిడ్ గ్రంథిలో ముందే నిండిపోయి, మందుకి చోటు లేకుండా చేసిందట. నాకేముందని ఆమెనీ అడిగాను.

"నాకూ తెలీదు నాయనా. ఈ బొమ్మ చూసి నిన్ను కొయ్యనివ్వను. మళ్లీ తీద్దాం." ఆ మాట నాతోనే అంది.

ఎండుచేప కూడా మానేసి కొన్ని వారాలకి మళ్లీ వెళ్లాం. రెండోసారికి యంత్రం మూతికి సన్న రంధ్రాల సీసపు దిమ్మ మార్చింది. నా పిడికిలి గొట్టంలా చుట్టి, అందులోంచి కిటికీ చూడమంది. ఒక్క ఊచే కనబడింది, స్పష్టంగా. పక్కనుంచి వచ్చే కిరణాలని ఈ సీసమూ అలాగే ఆపుతుందని చెప్పింది. యంత్రాన్ని నెమ్మదిగా నడిపింది. మెడ పట్టేసినా నేను కదల్లేదు. ఈసారి గడ్డ ఉన్నచోట చుక్కలు చిక్కగా పడ్డాయి. గడ్డ మందుని బాగా పీల్చుకుంది, అలాంటిది క్యాన్సర్ కావడం అరుదు, కత్తి అక్కర్లేదంది.

ఇప్పటికీ మసకగా ఉన్నదాన్ని నమ్మి నేను ఏ పనీ చెయ్యను. మొన్న నెల్లూరులో మళ్లీ మెడకి స్కాన్ తీశారు. బొమ్మ సరిగా వచ్చిందా అంటే, "రిపోర్టులో ఉంటుంది, జరుగు తాతా" అన్నాడు యంత్రం దగ్గరి కుర్రాడు.

జరగను. నా మెడ, నా బొమ్మ. స్పష్టంగా వచ్చిందా, లేదా? ఎవరో ఒకరు నా మొహం చూసి చెప్పండి.