ముందు ఆఖరుది పెట్టు

పసుపు అమ్మకాల రోజుల్లో ఆర్మూర్‌లో గాలికి కూడా రంగు ఉంటుంది. రాశుల మధ్య కాసేపు నడిస్తే గొంతులో సన్నటి ఘాటు దిగుతుంది, సాయంత్రానికి చొక్కా కాలరు పచ్చబడుతుంది. మొన్న అలాంటి ఒక మధ్యాహ్నం నేను పసుపు ఆరబోసిన కల్లం దగ్గర నిలబడి ఉన్నాను. భీమ్‌గల్ వైపు ఊరి నుంచి కూలికి వచ్చే సాయవ్వ అనే ఆమె కోసం వచ్చాను. ఆమె కొంచెం దూరంలో కూర్చుని కొమ్ములు ఏరుతోంది. ఆమె తమ్ముడు నా పక్కనే ఉన్నాడు. బస్తాల మీద వాలిన ఒక హమాలీ ఫోన్‌లో తెలుగులోకి డబ్ చేసిన సినిమా చూస్తున్నాడు. పేలుళ్లు, అరుపులు, కూలిపోతున్న భవనాల మోత. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. ఫోన్ చెడిపోయిందేమోనని పక్కవాడు తొంగి చూశాడు. హమాలీ మాత్రం కదల్లేదు. ఆ నిశ్శబ్దం ఏమిటో అతనికి తెలుసు. నాకూ తెలుసు. ఒకదాని వెనక ఒకటిగా వచ్చే ఆ హాలీవుడ్ వీరుల సినిమాల వరుసలో చెయ్యెత్తితే చుట్టూ శబ్దమంతా ఆగిపోయే వీరుడు ఒకడున్నాడు. వాడిని నేను మొదటిసారి చూసింది గంగారామన్న ఇంట్లో.

గంగారామన్న ఆర్మూర్‌లో ఒక దినపత్రికకు విలేకరిగా ఉండేవాడు. నాకు వార్త రాయడం నేర్పింది ఆయనే. నేను రాసిన మొదటి ప్రమాద వార్త చదివి, కాగితం నా ముందుకు నెట్టాడు. "పొద్దుగాల లేసిండు, చాయ్ తాగిండు, బండెక్కిండు... ఇది వార్తనా, బుర్రకథనా తమ్మీ? మనిషి సచ్చిపోయిండు గద. గా ముక్క ఏడుంది?" అది చివరి పేరాలో ఉంది. "ఆఖరుకు జరిగింది ముంగట రాయాలె. సదివేటోనికి టైం ఉండది" అన్నాడు. ఆయనకు కోపం వస్తే గొంతు తగ్గేది. అందుకే ఆయన మెల్లగా మాట్లాడితే మేము భయపడేవాళ్లం.

కానీ ఇళ్లకు వెళ్లినప్పుడు ఆయన పద్ధతి వేరు. మా వైపు ఊళ్లలో దుబాయ్‌కి వెళ్లిన మనిషి చనిపోతే, ఆ కబురు చాలాసార్లు ఇంటికంటే ముందు విలేకరికి చేరుతుంది. అక్కడి గదిలో ఉన్నవాళ్లకు ఇంటికి ఫోన్ చేసే ధైర్యం ఉండదు. అప్పుడు గంగారామన్నే ఆ ఇంటికి వెళ్లేవాడు. మొదటి రోజు "పిలగానికి జర తబియత్ బాగలేదట" అనేవాడు. తర్వాత "దవాఖానల షరీక్ చేసిండ్రట." ఆ తర్వాత "మాట్లాడ్తలేడట." శవపెట్టె హైదరాబాద్‌లో దిగిన రోజున మాత్రమే అసలు మాట. అంతవరకు పేపర్లో వార్త రానిచ్చేవాడు కాదు. ఒకసారి దొంకేశ్వర్ నుంచి తిరిగి వస్తూ బండి వెనక కూర్చుని అడిగాను, ఎందుకన్నా ఇంత సాగదీయడం అని. "పేపర్ల సావు ముంగట రాయాలె, ఇంట్ల ఆఖరుకు చెప్పాలె. ఒక్కపారే చెప్తే ఆగమైతరు. జర జర చెప్తే గుండె తయారైతది" అన్నాడు. ఊరంతటికీ తెలిసి, ఆ ఇంటి ఆడమనిషికి మాత్రమే తెలియని ఆ రోజులను నేను ఎన్నో ఇళ్లలో చూశాను. అది దయ అనే అనుకున్నాను.

ఆయన కొడుకు ప్రవీణ్ దుబాయ్‌లో ఏసీ మెకానిక్. సెలవుకు వస్తే సూట్‌కేసులో చాక్లెట్లతో పాటు ఆ వీరుల సినిమాలు నింపిన హార్డ్ డిస్క్ ఉండేది. వాళ్ల అమ్మ లక్ష్మి వదినె బీడీలు చుట్టేది. చేట ఒళ్లో పెట్టుకుని, కత్తెరతో ఆకు కత్తిరిస్తూనే టీవీ చూసేది. ఏ సినిమా ముందు చూడాలనే దాని మీద ఆ ఇంట్లో తండ్రీకొడుకులకు రోజూ పంచాయితీ.

"కథల ఏది ముందు జరిగితే గది ముందు పెట్టాలె. వాని పుట్టుక గీ సినిమాల ఉన్నది, పెండ్లి గా సినిమాల ఉన్నది. ఇదేం వరస?" అని గంగారామన్న.

"బాపూ, నువ్వు పేపర్ల ఎనకది ముందు రాస్తవ్, ఇంటికొచ్చి నాకు వరస చెప్తవా? ఎట్ల రిలీజయినయో గట్లనే చూడాలె" అని ప్రవీణ్.

"మీ ఇద్దరి మొగోళ్ల లొల్లిల సినిమా అయిపోయెటట్టున్నది" అని వదినె. ఆ వీరుడు మొదటిసారి చెయ్యెత్తి శబ్దం ఆపినప్పుడు ఆమె కత్తెర పక్కన పడేసి, "స్పీకర్ ఖరాబైంది రా, జర కొట్టు దాన్ని" అంది. ప్రవీణ్ నవ్వి నవ్వి నేల మీద పడ్డాడు. ఆమెకు ఆ వీరుడంటే ఇష్టమైంది. "గీడు మంచోడు. అరవడు, మొత్తుకోడు" అనేది.

సెలవు అయిపోయేసరికి సగమే చూశారు. మిగిలినవి తను వచ్చాక చూద్దామని, తను లేకుండా చూడొద్దని ప్రవీణ్ తల్లి చేత ఒట్టు పెట్టించుకున్నాడు. బస్‌స్టాండ్‌లో బ్యాగు సర్దుకుంటూ తండ్రితో అన్న మాట పక్కనున్న నేనూ విన్నాను. "పెద్ద సినిమాల గా చెయ్యెత్తేటాయిన సచ్చిపోతడు బాపూ. అమ్మకు చెప్పకు, ఏడుస్తది." గంగారామన్న నవ్వి తలూపాడు.

మళ్లీ సెలవు రాలేదు. ప్రవీణ్ దుబాయ్ గదిలో నిద్రలోనే పోయాడు. కబురు నాకు వచ్చింది. నేను వెళ్లేసరికి గంగారామన్న అరుగు మీద పేపర్ చదువుతున్నాడు. వేరే మాట నాకు తెలియదు, ఆయన నేర్పిన మాటే వచ్చింది. "అన్నా, ప్రవీణ్‌కు జర తబియత్ బాగలేదట."

ఆయన పేపర్ మడతపెట్టాడు. చాలాసేపు ఆ మడతను గోటితో రుద్దాడు. "గిది నా లైనే గదరా" అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది. "పెట్టె ఎప్పుడొస్తదట?"

అప్పుడే లోపలి నుంచి వదినె వచ్చింది. "ఏందట?" అని అడిగింది. ఆయన తలెత్తి, మామూలు గొంతుతో, "పిలగానికి జరమొచ్చిందట" అన్నాడు.

ఆ పెట్టె రావడానికి పట్టినన్ని రోజులు ఆయన ఆ ఇంట్లో ఒంటరిగా కొడుకును పోగొట్టుకున్నాడు. రోజుకో మెట్టు చొప్పున ఆమెను దింపాడు. ఆమె దేవుళ్లకు మొక్కుతూ, కొడుకు తిరిగొస్తే వండాల్సినవి చెప్తూ ఉంటే ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. చివరి మెట్టు మాత్రం ఆయన చేతిలో లేకుండా పోయింది. బీడీలు అప్పజెప్పడానికి వెళ్లిన వదినె, అనుకున్నదానికంటే ముందే తిరిగి వచ్చింది. గల్లీలో టెంటు గుంజలు పాతుతున్నారు. "ఎవలింట్ల ఏమైంది రా?" అని అడిగింది. గుంజ పట్టుకున్నవాడు తల దించుకున్నాడు. పక్కింటామె కొంగు నోట్లో కుక్కుకుంది. వదినె ఒక్కొక్కరి మొహం చూస్తూ తన గుమ్మం దాకా నడిచింది. భర్త ముందు నిలబడి, "టెంటోనికి ఎరుకైనంక నాకు ఎరుకాయె" అంది. అంతే. ఏడుపు తర్వాత వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు.

ఒక ఎండాకాలం పూట ఆమే హార్డ్ డిస్క్ తీసి, పోరడు చూపిస్తానన్న సినిమాలు పెట్టమంది. గంగారామన్న కేబుల్ షాపుకు వెళ్లి, ఆ పెద్ద సినిమా తీసేయించి, మిగిలినవన్నీ ప్రవీణ్ చెప్పిన వరుసలోనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాడు. "గా వీరుడు సచ్చేది ఆమె చూడొద్దు తమ్మీ. ఇగ చాలు" అన్నాడు నాతో. ఇద్దరూ రోజూ చూశారు. ఒక ఆదివారం నేనూ వాళ్ల దగ్గరే ఉన్నాను. కొత్త సినిమా మొదలైంది. మిగతా వీరులంతా ఒక గోడ మీది బొమ్మ ముందు మౌనంగా నిలబడ్డారు. బొమ్మలో ఆ వీరుడు, ఎత్తిన చెయ్యితో.

వదినె చేతిలో ఆకు ఆగిపోయింది. "నడుమ ఒకటి తీసిండ్రు" అంది.

గంగారామన్న రిమోట్ అందుకుని సినిమా ఆపాడు.

"మల్ల నన్నే ఆఖరుకు పెట్టినవా?" అని భర్తను అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది. "అందరు ఏడ్సినంక ఏడ్వాల్నా నేను? అన్నీ బంద్ జెయ్యి. ముందు ఆఖరుది పెట్టు. వాడు సచ్చేది పెట్టు."

హార్డ్ డిస్క్ తెచ్చి పెట్టాం. ఆ వీరుడు పోయేటప్పుడు శబ్దం ఆగదు. చెయ్యి లేవదు, చుట్టూ అన్ని చప్పుళ్లూ వినిపిస్తూనే ఉంటాయి. వదినె రెప్ప వేయకుండా చూసింది. అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుని, "ఇగ మొదటి నుంచి పెట్టు" అంది. మొదటి సినిమాలో వాడు పడుచువాడు, వాన నీళ్లలో పరుగెత్తుతున్నాడు. "సూడు, బత్కే ఉన్నడు. ఇగ ఎన్ని సూసినా బత్కే ఉంటడు" అని చేట ఒళ్లోకి లాక్కుంది.

గంగారామన్న బయట అరుగు మీదికి వెళ్లిపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. లోపలి నుంచి సినిమా మోత, మధ్యమధ్య ఆ నిశ్శబ్దం. "హెడ్డింగ్ సదివింది తమ్మీ" అన్నాడు. "ఇగ వార్త నిమ్మలంగ సదువుకుంటది. గా పని నేను జెయ్యనియ్యలే."

ఆ తర్వాత ఆయన ఏ ఇంటికీ కబురు చెప్పడానికి వెళ్లలేదు. ఆయనే పోయినప్పుడు ఫోన్ చేసింది వదినె. "తమ్మీ, మీ అన్న సచ్చిపోయిండు. పొద్దుగాల పోయిండు. రా." మొదటి వాక్యంలోనే అంతా ఉంది. నేను చదివిన వార్తల్లో అంత శుభ్రంగా రాసింది మరొకటి లేదు.

గుండె తయారవుతుందన్న గంగారామన్న మాట పూర్తిగా తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఒక్క మాటకే కూలిపోయినవాళ్లనూ చూశాను. అయినా కల్లం దగ్గర ఆ మధ్యాహ్నం సాయవ్వ తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "సార్, తబియత్ బాగలేదని చెప్దాం. బావకు, పాలోళ్లకు, సుట్టాలకు చెప్పినం. అక్కకు మెల్లగ..." అన్నప్పుడు నాకు ఆ టెంటు గుంజలు కనిపించాయి. హమాలీ ఫోన్‌లో శబ్దం మళ్లీ మొదలైంది. నేను వెళ్లి ఆమె ఎదురుగా పసుపు దుమ్ములో కూర్చున్నాను. ఆమె తల ఎత్తింది, చేతిలో కొమ్ము అలాగే ఉంది.

"అక్కా, నీ కొడుకు సచ్చిపోయిండు" అన్నాను.

ఆమె కొమ్మును జాగ్రత్తగా ఏరిన కుప్పలో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎట్ల?" అని అడిగింది. నేను మొదటి నుంచి చెప్పాను.