పది నుంచి ఒకటి దాకా

నా కుడిచేతి ఎముక ఒకడి దవడ మీద విరిగింది. వాడి దవడకు మాత్రం ఏమీ కాలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది, ఏం దాచుకోను.

సిరిసిల్లలో మేమిద్దరం ఒకే కార్ఖానాలో సాంచాలు నడిపేవాళ్లం. సాంచాలంటే మరమగ్గాలే, మా ఊళ్లో ఎవరూ మరమగ్గాలనరు. నాకు ఎనిమిది, పక్క వరసలో వాడికి ఎనిమిది. ఆ మోతలో చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకని అందరం ఎదుటివాడి పెదాలు చూసి మాట తెలుసుకుంటాం. పదేళ్లు పనిచేస్తే ఎవరికైనా ఆ విద్య వచ్చేస్తుంది, చెవులు సగం పోతాయి. ఆ రోజు నా సాంచా ఒకటి మాటిమాటికీ పోగులు తెంపుకుని ఆగుతూ ఉంటే, కార్ఖానా నడిపే ఆసామి వచ్చి నన్ను నానా మాటలు అని పోయాడు. పడ్డాను. పొట్ట కోసం పడాలి. కానీ పక్క వరసవాడు నా వైపు తిరిగి పెదాలతో అన్నాడు, "దేనికి పనికొస్తవ్‌రా నువ్వు?"

నవ్వుతూనే అన్నాడు పాపం. మేం రోజూ ఒకరినొకరు అనుకునే మాటే. నా చేతిలో నాడె ఉంది. సాంచాలో దారం మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే, రెండు చివరలా ఉక్కు మొనలున్న బరువైన చెక్క అది. దాంతో వాడి నెత్తి మీద కొట్టాను. నెత్తురు చెవి మీదుగా మెడలోకి కారింది. వాడు తల పట్టుకుని వంగితే, చాలదన్నట్టు పిడికిలి బిగించి దవడ మీద గుద్దాను. సాంచాలు అలాగే నడుస్తున్నాయి. నలుగురొచ్చి నన్ను వెనక్కి లాగేదాకా కొడుతూనే ఉన్నాను. చెయ్యి విరిగిన సంగతి బయటికొచ్చాక గానీ తెలియలేదు.

ఆ మాట నాకు కొత్తది కాదు. కోరుట్లలో మా బాపు చేనేత మగ్గం గుంటలో కూర్చుని నన్ను ఆ మాటే అనేవాడు, అనేటప్పుడు చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేవాడు. నా వీపు మీద ఇప్పటికీ ఒక మచ్చ ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఎవడు నన్ను తక్కువ చేసి మాట్లాడినా ఆయనే మళ్లీ లేచొచ్చినట్టు ఉంటుంది నాకు. నేను కొట్టినవాళ్లలో సగంమంది ఆయన బదులు తిన్నారు.

చేతికి పట్టీ వేసుకుని ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అన్నం తింటున్నాను. నా బిడ్డ వడ్డిస్తోంది. అప్పుడే ఇంటర్‌లో చేరింది. నెత్తి దురదపెడితే గోక్కుందామని పట్టీ వేసిన చెయ్యి పైకెత్తాను. అంతే. ఆ పిల్ల రెండు చేతులూ తల మీద పెట్టుకుని అక్కడికక్కడే ముడుచుకుపోయింది. గిన్నె జారిపడి పప్పుచారు నేలంతా పారింది.

"నెత్తి గోక్కుంటున్ననే!" అని అరిచాను.

నా భార్య గుడ్డ తెచ్చి నేల తుడుస్తూ, నా మొహం చూడకుండా అంది. "సూసినవా? గిన్నేండ్లల్ల నువ్వు సంపాయించింది గిదే."

నేను బిడ్డను కొట్టింది చాలా తక్కువసార్లని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ పూట కూర్చుని గుర్తుచేసుకుంటూ పోతే ఎక్కడా ఆగలేదు. నా బిడ్డ నన్ను చూసి తల దాచుకోకూడదు. ఆ రోజు నుంచి నాకు కావలసింది అదొక్కటే. తర్వాత నాకు నేను ఎన్ని అబద్ధాలు చెప్పుకున్నా, ఇది మాత్రం అబద్ధం కాదు.

పట్టీ విప్పించుకోవడానికి జగిత్యాల పోయినప్పుడు, ఎముకల డాక్టరు దగ్గర వరసలో కూర్చున్న ఒకాయన చెప్పాడు. ఒక రిటైరైన సారు ఆదివారాలు మేడ మీద గదిలో హిప్నాటిజం నేర్పిస్తాడట. ఎవరో మనల్ని నిద్రపుచ్చడం కాదు, మనల్ని మనమే లోపలికి దింపుకుని మంచి మాట చెప్పుకోవడం. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే నా భార్య ముక్కు మీద వేలేసుకుంది. "ఇగ మంత్రగాళ్ల తానికి గూడ పోతవా?"

పోయాను. సారు సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. నా కథంతా విని, "తమ్మీ, నిన్ను నువ్వే తక్కువ జేసుకుంటున్నవ్. అందుకే ఎవడన్నా ఒక్క మాటంటే సుర్రుమంటది. నిన్ను నువ్వు పెద్దగ సూసుకో, ఎవని మాటా నీకు తాకది" అన్నాడు.

చెయ్యాల్సిన పని చూస్తే సులువే. చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చోవాలి. ఎదురుగా ఒక్కచోటే చూస్తూ కళ్లు వాటంతటవే మూతపడనివ్వాలి. పది నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెడుతూ ఒక్కో అంకెకు ఒక్కో మెట్టు దిగినట్టు అనుకోవాలి. భుజాలు వదులు, దవడ వదులు. కిందికి దిగాక మన వాక్యం మూడుసార్లు చెప్పుకుని, ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టి పైకి రావాలి.

"ఎవర్ని కొట్టనని చెప్పుకోవాల్నా సార్?" అని అడిగాను.

"వద్దు వద్దు. కొట్టనంటే మనసు కొట్టుడునే పట్టుకుంటది. వాక్యంల కాదు, లేదు, వద్దు అనేటివి రావద్దు. నేను విలువైన మనిషిని, నాకు గౌరవం ఉంది అనుకో." ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఎవరి వాక్యం వారిదే, ఒకరిదొకరు అడగకూడదట.

మొదటి మూడు ఆదివారాలు నాకు ఏమీ కాలేదు. ఆ గది మరీ నిశ్శబ్దం. నిశ్శబ్దంలో నా చెవులు గుయ్యిమంటాయి, సాంచాల దగ్గర బతికిన ప్రాణం కదా. చివరికి కొత్తగా చేరిన కార్ఖానాలో, షిఫ్టు ఎక్కేముందు, సాంచాల వెనక గోడకు ఆనుకుని కూర్చుని చేశాను. ఆ మోతలో రాయిలా మునిగిపోయాను. మా వాళ్లు ఊరుకుంటారా? "అన్న సమాధిల కూసున్నడు, అగర్‌బత్తులు ముట్టియ్యున్రి" అని ఆట పట్టించారు. కళ్లు తెరిచి వాళ్ల పెదాల మీద ఆ మాట చదివి నేనూ నవ్వాను. నాకే నమ్మబుద్ధి కాలేదు.

నిజంగానే మారాను. ఒకరోజు సాంచాలోంచి నాడె ఎగిరొచ్చి భుజానికి తగిలి వేలెడు లోతు గాయమైతే, మెకానిక్కును ఒక్క తిట్టు తిట్టలేదు. కల్లు దుకాణంలో ఒకడు కావాలని కాలు తొక్కితే లేచి వేరే బల్ల దగ్గరికి పోయాను. తల ఎత్తుకుని నడుస్తున్నానని నలుగురూ అన్నారు. నేను విలువైన మనిషిని. నాకు గౌరవం ఉంది.

మరి విలువైన మనిషి ఇంటికొచ్చేసరికి ఆ గౌరవం ఇంట్లో కూడా ఉండాలి కదా! చాయ్ ఆలస్యమైతే అది గౌరవం తక్కువ. అడిగినదానికి జవాబు రాకపోతే అది గౌరవం తక్కువ. అంతకుముందు నా భార్యను తాగి కొట్టేవాణ్ణి, తెల్లారి కాళ్లు పట్టుకుని ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు తాగకుండా కొడుతున్నాను. ఏడుపు రావడం లేదు. కొట్టి, చేతులు కడుక్కుని, కూర్చుని భోంచేస్తున్నాను. ఒకసారి జుట్టు పట్టుకుని గోడకు కొడితే ఆమె కింద కూలబడి, "గా సారు నీకు కొమ్ములు మొలిపిచ్చిండయ్యా" అంది. ఆ మాటకు ఇంకొకటి వేశాను. సారును అంటే నాకు ఎట్లా ఊరుకోబుద్ధవుతుంది?

బిడ్డ విషయానికొస్తే, పరీక్షలంటే దానికి వణుకు. హాల్‌టికెట్ చేతిలో పట్టుకుని వాంతి చేసుకునేది. ఒక సాయంత్రం నేనే కూర్చోబెట్టి నేర్పాను. మా గల్లీ వెనకే కార్ఖానా, ఆ మోత ఇంట్లోకి వస్తుంది. "పదినుంచి దిగు బిడ్డా. భుజాలు ఇడువు. దవడ ఇడువు" అని చెప్పాను. నాకు నెల పట్టిన విద్య ఆ పిల్లకు రెండు పూటల్లో వచ్చేసింది. వాక్యం ఏం పెట్టుకుందో అడగలేదు, సారు అడగొద్దన్నాడు కాబట్టి. పరీక్షలు బాగా రాసింది.

ఆ తర్వాత నేను గమనించింది ఒకటుంది. నా బిడ్డ తల దాచుకోవడం మానేసింది. నేను అరిచినా, చెయ్యెత్తినా, ఒకటి తగిలించినా కూడా అలాగే నిలబడి ఉంటోంది. మొహంలో భయం లేదు. నా సంతోషం ఏం చెప్పను! జగిత్యాల పోయి క్లాసులో అందరి ముందు నిలబడి చెప్పాను. "నా బిడ్డకు నేనంటే భయం పోయింది సార్." అందరూ చప్పట్లు కొట్టారు. సారు వచ్చి నా వీపు తట్టాడు. ఆ చప్పట్లు నేను ఆరు నెలలు మోసుకు తిరిగాను.

ఇప్పుడు నా భార్యా బిడ్డా కోరుట్లలో ఉంటున్నారు, మా బావమరిది ఇంట్లో. ఎట్లా పోయారో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ.

ఆదివారం మధ్యాహ్నం. నేను క్లాసు నుంచే బస్సు దిగి వచ్చాను. మంచం మీద ఒక కాగితం ఉంది. డిగ్రీ కోసం జగిత్యాలలో హాస్టలుకు పెట్టుకున్న అప్లికేషను. కింద తల్లి సంతకం ఉంది.

"నన్నడగకుండ? నేను సచ్చిననా?" అన్నాను.

"అడిగితే ఒప్పుకుందువా?" అంటూ నా భార్య మధ్యలోకి వచ్చింది. తోసేశాను. తలుపు చెక్కకు చెయ్యి కొట్టుకుని గాజులు పగిలాయి, మణికట్టు నుంచి నెత్తురు వచ్చింది. కాగితం చింపి ముక్కలు బిడ్డ మొహాన కొట్టాను. ఆ పిల్ల ఎటో ఒక్కచోటే చూస్తూ నిలబడింది. చెంప మీద ఒకటి కొట్టాను. కదల్లేదు. భయం లేకపోవడం చూసి మురిసిపోయినవాణ్ణి నేనే, ఆ రోజు మాత్రం అదే నాకు పొగరులా కనబడింది. "నా కండ్లల్లకు సూడు!" అని ఇంకొకటి కొట్టాను, ఈసారి వెనక చేత్తో. పన్ను తగిలి కింది పెదవి చిట్లింది. నెత్తురు గడ్డం మీదికి వచ్చింది. తుడుచుకోలేదు. చేతులు రెండూ పక్కకు వదులుగా వేలాడుతున్నాయి. భుజాలు కిందికి దిగి ఉన్నాయి, కళ్లు మూతపడి ఉన్నాయి.

మూడోసారి చెయ్యెత్తినప్పుడు చూశాను. పెదాలు కదులుతున్నాయి. గొంతు రావడం లేదు, వచ్చినా నా చెవులకు అందేది కాదు. కానీ పెదాలు చదవడం నా పని.

నాలుగు. మూడు. రెండు. ఒకటి.

దవడ వదులైంది. నేను నేర్పినట్టే, ఎక్కడా తప్పు లేకుండా. ఆ నెత్తుటి పెదాలు మెల్లగా ఒక వాక్యం చెప్పుకున్నాయి. "నేను ఈడ లేను. గీ ఒళ్లు నాది కాదు. నాకేం కాదు." మూడుసార్లు. సారు వద్దన్న కాదు, లేదు అనేటివే దాని వాక్యం నిండా ఉన్నాయి.

నా చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. దాని భయం పోలేదు. భయంతో ఆ పిల్లే పోయింది. నేను చెయ్యెత్తిన ప్రతిసారీ నా బిడ్డ నా ముందునుంచి ఎక్కడికో దిగిపోతూ ఉంది, ఆ మెట్లు నేనే చూపించాను. దాన్ని చూసి నేను జగిత్యాలలో చప్పట్లు కొట్టించుకున్నాను. అంత సిగ్గు నాకు జీవితంలో ఎన్నడూ కాలేదు.

చెయ్యి దించాను. "బిడ్డా" అన్నాను. పట్టుకుని కుదిపి లేపుదామంటే ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. ఈ చేతులతో ముడితే ఇంకో దెబ్బే అనుకుంటుంది. అలాగే నిలబడ్డాను. నా భార్య మణికట్టుకు కొంగు చుట్టుకుంటూ నన్నే చూస్తోంది.

చాలాసేపటికి, కళ్లు తెరవకుండానే, నా బిడ్డ అడిగింది. "అయిపోయిందా బాపు?"

"అయిపోయింది బిడ్డా. అయిపోయింది. కండ్లు తెరువు."

తెరవలేదు. మొహం మాత్రం తల్లి ఉన్న వైపు తిప్పింది.

"అవ్వా, నిజంగనే అయిపోయిందా?"

వాళ్లమ్మ నా చేతుల వైపు చూసింది. నేను వెనక్కి వెనక్కి నడిచి, గడప దాటి, తలుపు దగ్గరికి వేసి గల్లీలో నిలబడ్డాను. వాళ్లను తీసుకుపోవడానికి వచ్చిన మా బావమరిది తర్వాత చెప్పాడు, నేను బయటికి పోయానని తల్లి చెప్పాకే నా బిడ్డ కళ్లు తెరిచిందట.