అత్త నిలబెట్టిన గోడ

పోయిన వారం ఒకనాడు పొద్దుగాల బోధన్ నుంచి బాపు ఫోన్ చేసిండు. "మీ అత్త పోయింది బిడ్డా" అన్నడు. చాయ్ పెట్టుకుంటనే కూలబడ్డదట. నిజామాబాద్‌ల బస్సెక్కిన గానీ దారి పొడుగునా కుదురుగ కూసోలేకపోయిన. ఆ కుదురులేనితనం నాకు మేనత్త నుంచే వచ్చిందంటరు ఇంట్ల.

అత్త బీడీలు చేసి పిల్లల్ని సాదింది. చేతులు ఆకు కత్తిరిస్తుంటే కండ్లు వాకిట్ల, చెవులు పొయ్యికాడ ఉండేటివి. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మంచం పక్కన కూసోలేక దవఖాన వరండ అంత తిరిగింది. ఇంటికి మాత్రం పోలేదు.

కొన్నేండ్ల కింద వానకాలంల నేల దిగి, ఆమె వంటింటి గోడ నెర్రెలిచ్చింది. కిటికీ మూల నుంచి పునాది దాక, వేళ్లు దూరేంత. చూసినోళ్లంత సిమెంటు పూసెయ్యమన్నరు. బాపు కూలగొట్టి కొత్తది కట్టుకోమన్నడు.

"ఒక్కదానివి గీ ఇంట్ల ఎట్లుంటవ్? మీద పడితే?" అని ఒర్రిండు.

"ముందుగాల గోడ ఎందుకు దిగిందో సూడనీ అన్నా" అన్నది అత్త.

బాపు అలిగి వెళ్లిపోయిండు. నేను అత్తను బలవంతంగ మా ఇంటికి తెచ్చిన. తెల్లారే సంచి భుజానేసుకున్నది. "గోడ అట్ల నోరు తెరుసుకొని ఉంటే నాకు ముద్ద దిగుతలేదు బిడ్డా."

మేస్త్రితోని గోడ పక్కన తవ్విచ్చింది. కింద నల్లా పైపు పగిలి, మన్ను కొట్టుకపోయింది. పైపు మార్పిచ్చి, మొరం మట్టి నింపి, దిమ్మిసతోని గట్టిగ కొట్టిచ్చింది. నేల ఇంక దిగుతలేదని తేలేదాక ఇటుక ముట్టనియ్యలేదు. ఆగుడు ఆమెకు చేతగాని పని. రోజూ నెర్రెల వేలు పెట్టి చూసి, నాకు ఫోన్ చేసేది. "ఇయ్యాల పెరగలే" అని పెట్టేసేది.

ఎండకాలంల పై బరువుకు కర్రలు ఆనిచ్చి, పగిలిన ఇటుకలు కొన్ని కొన్నిగ తీసి, తడిపిన కొత్తవి పెట్టిచ్చింది. ఒకనాడు బాపు సైకిల్ మీద వచ్చి, అంగీ విప్పి, ఇటుకలు అందిచ్చుడు మొదలువెట్టిండు.

కొత్త కట్టుడు గట్టిపడేదాక నీళ్లు పట్టుడు అయిపోయినంక ఒక మధ్యాహ్నం పోయిన. గోడకు ఇంకా పూత వెయ్యలేదు. కొత్త ఇటుకలకు వీపానించి, కాళ్లు చాపుకొని అత్త నిద్రపోతున్నది. చీర భుజం మీద ఎర్రటి ఇటుక పొడి. పక్కన కూసున్న బాపు, లేపకు అన్నట్టు నాకు చెయ్యి ఊపిండు.