తెల్లగడ్డ తిరగవాత

నిన్న పొద్దున చారులో తెల్లగడ్డ రెబ్బల తాలింపు చుర్రుమనగానే నా మనవరాలు ముక్కు మూసుకుని వీధిలోకి పరుగెత్తింది. "కంపు కొడతాండాది తాతా!" అని గోడ అవతల నుంచి ఒకటే కేకలు. మా ఆవిడ గరిటె పట్టుకునే నవ్వింది. నాకు మాత్రం పాత మంట రేగింది. ఆ కంపు కోసం ఒకప్పుడు మేమెంత ఎదురుచూశామో ఆ పిల్లకేం తెలుసు!

అది పుట్టకముందు సంగతి. కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి. కోడలికి నెలలు నిండుతున్నాయి. కాన్పుకు ఆదోనిలో పుట్టింటికి పోవాల్సిన పిల్ల, అక్కడ ఇంటిల్లిపాదీ జ్వరాలతో పడుకోవడంతో ప్రొద్దుటూరులో మా దగ్గరే ఉండిపోయింది. కొడుకు బెంగళూరులో చిక్కుకున్నాడు. వేవిళ్లు ఎవరికైనా నాలుగో నెలకు పోతాయి, ఈమెకు పోలేదు. తెల్లగడ్డ వాసన తగిలితే చాలు, దొడ్లోకి పరుగే. ఆమె కోసం ఆ నెలలన్నీ తాలింపు మానేసి ఋషిలా బతికానని అందరికీ చెబుతుంటాను. నిజానికి పక్కింటివాళ్లు గోడ మీదుగా అందించిన, తెల్లగడ్డ దట్టించిన బొరుగుల ఉగ్గాని తిని, మూతి తుడుచుకుని లోపలికొచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

ఒకరోజు మా ఆవిడ మరిచిపోయి చారుకు తెల్లగడ్డ వేసి, నాలుక కరుచుకుంది. కోడలు వచ్చి నిమ్మళంగా అన్నం కలుపుకుని, తిని లేచింది. "వాంతులు పోయినాయి సామీ!" అని మా ఆవిడ అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంది. నేను చుట్టాలందరికీ ఫోన్లు చేసి, ఇదంతా నేను రోజూ కాచిచ్చిన కషాయం గొప్పేనని చెప్పుకున్నాను. ఆ సంబరంలో వేపుళ్లలోనూ గుప్పెడేసి తెల్లగడ్డలు పడ్డాయి. మేము సంబరపడింది రోగాన్ని చూసి. ఆ వారం తిరక్కముందే ఒళ్లు కాలిపోతుంటే కోడలే అంది: "మామా, నాకు ఏ వాసనా తెలుస్తాల్యా. కర్పూరం గూడా."

పరీక్షలో పాజిటివ్ అని తేలింది. అన్ని నెలలూ చూసిన కాన్పుల ఆసుపత్రివాళ్లు గేటు దగ్గరే ఆపేశారు. "పాజిటివ్ అయితే లోపలికి రానియ్యరప్పా, కడపకు పోండి." అద్దె కారు మాట్లాడుకుని కడపకు పోతే అక్కడ కరోనా ఆసుపత్రిది ఇంకో గేటు. "కడుపుతో ఉండాది కదా, కాన్పుల ఆసుపత్రికే తీస్కపోండి." జబ్బు చూసేవాళ్లకు కడుపు అడ్డం, కడుపు చూసేవాళ్లకు జబ్బు అడ్డం. రెండూ ఒక్క మనిషిలోనే ఉన్నాయన్నది ఎవరికీ పట్టలేదు. కారు పెనంలా కాలుతోంది. వెనక సీట్లో ఆ పిల్ల కడుపు మీద చెయ్యి వేసుకుని దగ్గుతోంది.

మనవరాలికి చెప్పే కథలో నేను ఆ గేటును ఊపి, వాచ్‌మన్‌ను ఎత్తి పక్కన పెడతాను. జరిగిందేమంటే, నేను కారు పక్కన నిలబడి మాస్కు లోపలే గొణిగాను. అరిచింది మా ఆవిడ. "ఏమప్పా, బిడ్డను ఇంట్లో పెట్టి రమ్మంటావా, జబ్బును ఇంట్లో పెట్టి రమ్మంటావా? ఏది ఇడిసిపెట్టి వస్తే చూస్తారో నువ్వే చెప్పు!" ఆ కేకకు లోపలి నుంచి ఒక చిన్న డాక్టరమ్మ బయటికొచ్చింది. కారులోనే కోడలి వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ తగిలించింది, బిడ్డ గుండె విన్నది. "ఇద్దరూ బాగుండారు. ఇంట్లో వేరే గదిలో పెట్టండి. ఆయాసం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా నేరుగా నా దగ్గరికే రండి" అంది.

గదిలో ఆమె, కిటికీ బయట మేము. చెయ్యడానికి ఏమీ లేకపోవడమంత చిరాకు ఇంకోటి లేదు. కొడుకు ఫోన్లో నా మీద అరిచేవాడు, నేను మా ఆవిడ మీద, ఆవిడ దేవుడి మీద. అస్తమానం కిటికీ దగ్గరికి పోయి "మ్మా, బిడ్డ మెదుల్తాండాదా?" అని అడిగేది. "మెదుల్తాండాది అత్తా. మీరు అడగడం ఆపితే నిద్రన్నా పోతాది" అని లోపలి నుంచి జవాబు.

జ్వరం తగ్గింది. వాసన మాత్రం రాలేదు. మా ఆవిడ రోజూ తెల్లగడ్డ తాలింపు పెట్టి కిటికీ వైపు చూసేది. కోడలు ముక్కు కూడా చిట్లించేది కాదు. మళ్లీ రేపు. ఒక మధ్యాహ్నం ఆవాలు చిటపటమంటుండగా గదిలోంచి కేక: "అత్తా! ఎవరు ఏసిండేది ఆ తెల్లగడ్డలు? తీసి పారేయండి, కడుపులో తిప్పుతాండాది!" మా ఆవిడ బాణలి దించి, అక్కడే కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదని, ఎర్రగడ్డలు తరుగుతున్నానని చెబుతుంటాను. ఆ రోజు ఇంట్లో ఒక్క ఎర్రగడ్డ కూడా లేదు.

నిన్న చారు దించేదాకా మనవరాలు గోడ అవతల ముక్కు వదల్లేదు. అమ్మ గది తలుపు ఎన్నాళ్లు మూసి ఉండిందని అది అడిగినప్పుడల్లా నేను కొంచెం పెంచే చెబుతాను. ఈ ఒక్క లెక్కలో మాత్రం, ఎంత పెంచినా తగ్గించి చెప్పినట్టే ఉంటుంది.