రీలు లేని కెమెరా

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్ద నేరమేమీ కాదు. ఏ పోలీసూ పట్టుకోడు, ఏ కోర్టూ పిలవదు. చెబితే "ఓస్, ఇంతేనా" అని మీరే అనొచ్చు. అనుకోండి. అయినా ఆదివారం వచ్చిందంటే నాకు అన్నం సరిగా దిగదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

నేను తెలుగు నేలకు అవతల, కిరందుల్ ఇనుప గనుల కాలనీలో పెరిగిన తెలుగుదాన్ని. ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఒక చిన్న ఉద్యోగం. ఫొటోలు తీయడం నాకు పిచ్చి. అందులోనూ వీధుల్లో, బజార్లలో, మనుషులు తమ ధ్యాసలో తాముండగా తీయడం. ఫోనుతో కాదు, జేబులో పట్టే పాత రీలు కెమెరాతో. రీళ్లు హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలి, కడిగించడానికి మళ్లీ అక్కడికే పంపాలి. ఒక్కో రీలుకు ముప్పై ఆరు బొమ్మలు. అందుకే మీట నొక్కేముందు పిసినారిలా పదిసార్లు ఆలోచించేదాన్ని.

చిక్కేమిటంటే, బజార్లో కెమెరా బయటికి తీస్తే చాలు, నాది తియ్యి, మాది తియ్యి అంటూ జనం ముందుకొచ్చి నిలబడతారు. చేతులు కిందికి వేలాడేసి, నవ్వు మింగేసి, సూటిగా చూస్తారు. అలాంటి ఫొటోలంటే నాకు చిన్నచూపు. అవి కళ కాదని ఎక్కడో చదివి బుర్రకెక్కించుకున్నాను. తీయనంటే వాళ్లు నొచ్చుకుంటారు, తీస్తే రీలు పోతుంది. దానికొక ఉపాయం కనిపెట్టాను. సంచిలో రెండో కెమెరా పెట్టుకునేదాన్ని. అందులో రీలు ఉండదు. మీట నొక్కితే ఫ్లాష్ మాత్రం భేషుగ్గా వెలుగుతుంది. నిలబడ్డవాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు, నా రీలు నాకు మిగులుతుంది. ఎంత తెలివి! తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదివారం బజార్లో చింతపండు అమ్మే ఒక పెద్దమ్మ ఉంది. అత్తగారిల్లు తోంగ్‌పాల్ అవతలి పల్లె, పుట్టిల్లు భద్రాచలం వైపు. చుట్టూ హిందీ, హల్బీ మాటల మధ్య నా తెలుగు చెవిన పడగానే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి నేను ఆమెకు బిడ్డనే. పక్కనే ఆమె భర్త ఉండేవాడు. మాట తక్కువ మనిషి. మూటలు మోసేవాడు, తరాజు పట్టేవాడు, మిగతా పొద్దంతా ఆమె తిట్లు తింటూ నవ్వుతూ కూర్చునేవాడు.

ఒక ఆదివారం ఆమె నన్ను అడిగింది, తామిద్దరికీ కలిపి ఒక ఫొటో తీయమని. పెళ్లయి ఇన్నేళ్లయినా ఇద్దరూ కలిసి ఒక్క కాగితం మీద లేరట. కొడుకు ఫోనులో ఒకటి ఉండేదట, ఆ ఫోను వాగులో పడి పోయిందట. అందుకే చేతికందే ఫొటో కావాలంది. సరే అన్నాను. ఆయన సిగ్గుపడ్డాడు. బిందెలోని నీళ్లు దోసిట్లో పోసుకుని జుట్టు తడుపుకున్నాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. ఆమె ఆయన భుజం మీది చింతపెంకులు దులిపి, తానూ కొంగు సర్దుకుని పక్కన నిలబడింది.

నా అసలు కెమెరాలో అప్పటికి నాలుగు బొమ్మలు మిగిలున్నాయి. సాయంత్రం ఎండలో బస్టాండు దగ్గర వాడుకోవాలని దాచుకున్నాను. చెయ్యి సంచిలోకి వెళ్లి రెండో కెమెరా తీసింది. చెయ్యి తీసిందంటున్నాను చూడండి, అదేదో నేను కానట్టు. నేనే తీశాను. ఫ్లాష్ వెలిగింది. పెద్దమ్మ మొహం విప్పారింది.

అక్కణ్ణుంచి పది అడుగులు వేశానో లేదో, మూటల నీడలో నిద్రపోతున్న కుక్క కనబడింది. అసలు కెమెరా తీసి దాన్ని ఫొటో తీశాను. మంచిగానే వచ్చింది. ఇప్పటికీ నా దగ్గరుంది.

తర్వాతి వారం, ఫొటో వచ్చిందా అని పెద్దమ్మ అడిగింది. హైదరాబాద్ పోయింది, ఇంకా రాలేదన్నాను. ఆ పై వారం కూడా అదే మాట. ఆ వారాల్లో ఏ ఒక్కరోజైనా, ఇంకోసారి నిలబడండి అని ఉంటే సరిపోయేది. ఎందుకనలేదు? రీలు లేకనా? కాదు. మళ్లీ తీస్తే మొదటిదేమైందని అడుగుతారని భయం, వాళ్ల దగ్గర నా మంచిపేరు పోతుందని భయం. అంతా భయమేనా? బద్ధకం కూడా ఉంది. వాళ్ల ఫొటో నాకు ముఖ్యం కాకపోవడం కూడా ఉంది, ఇది ఒప్పుకోవడానికి నాకు అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. ఆ వరస వదిలేసి, ఎండుచేపల వైపు నుంచి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాను.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం ఆమే నన్ను చూసి కేకేసింది. ఒక్కతే ఉంది. జ్వరమొచ్చి, నాలుగు రోజుల్లోనే ఆయన పోయాడని చెప్పింది. కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఆ ఫోటు వచ్చిందా బిడ్డా? ఆధార్ కార్డుల ఒకటున్నది గని, అండ్ల ఆయన ఆయన లెక్కనే లేడు. ఎవలో దొంగ లెక్క ఉన్నడు. నువ్వు తీసిందే మంచిగ ఉంటది."

అప్పుడైనా చెప్పొచ్చు. చెబుదామనే నోరు తెరిచాను. బయటికొచ్చింది మాత్రం వేరు.

"రీలు పాడైపోయింది పెద్దమ్మా. వెలుతురు తగిలి మొత్తం తెల్లగా అయిపోయింది."

ఆమె చింతపండు కుప్పను చేత్తో దగ్గరికి సర్దింది.

"ఖరాబైందా?" అంది. "ఆయనే చేసిండు బిడ్డా. కదలకు, కదలకు అని మొత్తుకున్న. ఆ మెరుపుకు ఉలిక్కిపడ్డడు, నా భుజానికి తగిలింది, నాకెరుకే. ఏం మనిషో, ఒక్క ఫోటుకు సుత నిలవడలేకపాయె. నువ్వేం జేస్తవు? నీ కష్టం సుత పాయె."

అని, ఆకులో గుప్పెడు చింతపండు చుట్టి నా చేతిలో పెట్టింది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, దాన్ని తీసుకున్నాను.

అబద్ధం ఆడిన పాపం ఒక్కటే అయితే ఎలాగో మోద్దును. ఎవరు ఆడరు? కానీ నా తప్పు పోయి పోయి చచ్చిపోయిన మనిషి మీద పడింది. ఆయన లేచి వచ్చి నాదేం తప్పు అని అడగలేడు. ఆయన తరఫున ఆ మాట అనగలిగేదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. అనలేదు.

ఆ వారమే రెండో కెమెరా పారేశాను. ఇప్పుడు అడిగినవాళ్లందరికీ ఫొటోలు తీస్తున్నాను, కాగితాల మీద వేయించి తెచ్చి ఇస్తున్నాను. జనం సంతోషిస్తారు. నాకు మాత్రం అందులో పుణ్యమేమీ కనబడదు.

పెద్దమ్మ ఇప్పటికీ ఆ వరసలోనే కూర్చుంటుంది. పోయిన ఆదివారం, పక్కన కొత్తగా కూర్చున్న ఆమెకు నన్ను చూపించి చెబుతోంది. "ఈ బిడ్డ మంచిగనే తీసింది. మా ముసలోడే కదిలి ఖరాబ్ చేసిండు." ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. బతికున్నప్పుడు తిట్టినట్టే ఇప్పుడూ తిట్టుకుంటోంది. నిజం చెబితే ఆ కాస్త నవ్వు కూడా పోతుంది కదా, చెప్పకపోవడమే ఆమెకు మేలు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇదీ నా తెలివే కాబోలు.

మీరు నన్ను క్షమించలేరు, క్షమించాల్సింది మీరు కాదు. ఆమె దగ్గర అనాల్సిన మాటను మీ దగ్గర అంటున్నానని నాకు తెలుసు. అయినా రాస్తుంటే గుండె కొంచెం తేలికపడుతున్న మాట నిజం. అందుకు సిగ్గుపడుతూనే రాస్తున్నాను. పెద్దమ్మా, ఆయన ఏమీ పాడు చేయలేదు. ఆ ఫొటో నేను తీయనే లేదు.